తక్కువ ధరకి సెనెగల్ ఊసరవెల్లి: అడవిలో పట్టినదాన్ని కొంటే ఎలాంటి జబ్బులు వస్తాయి?

కొమ్మచివర (డల్లాస్)

అందరికీ నమస్కారం. ఇక్కడి రెప్టైల్ ఎక్స్‌పోల్లో (సరీసృపాలు అమ్మే సంతల్లో) సెనెగల్ ఊసరవెల్లి చాలా చవగ్గా దొరుకుతోంది. పక్క బల్ల మీద పెంపకంలో పుట్టిన పాంథర్ ఊసరవెల్లి పిల్లకి చెప్పే రేటు ముందు ఇది ఏ మూలకీ రాదు. డబ్బా మీద ‘ఎల్‌టీసీ’ అని రాసి ఉంటుంది. ఇది అడవిలో పట్టిందేనా? అయితే ఎలాంటి జబ్బులతో వస్తుంది? ఇంటికి తెచ్చాక ముందుగా ఏం చేయాలి? ఇంట్లో మూడేళ్ల పాప ఉంటే ఇబ్బందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నీటిచుక్క (న్యూజెర్సీ)

అవునండి, అడవిలో పట్టిందే. ఎల్‌టీసీ అంటే ‘చాలాకాలంగా మనుషుల దగ్గర ఉన్నది’ అని చెప్పడానికి అమ్మేవాళ్లు వాడే పొడి అక్షరాలు. పుట్టింది మాత్రం చెట్టు మీదే. ‘చాలాకాలం’ అంటే ఎన్నాళ్లో ఎవరూ నిర్ణయించలేదు. ఏడాది ఉంచినవాళ్లూ అదే రాస్తారు, రెండు వారాలు ఉంచినవాళ్లూ అదే రాస్తారు.

సెనెగల్ రకం పశ్చిమ ఆఫ్రికా గడ్డిమైదానాల జంతువు. టోగో, బెనిన్, ఘనా దేశాల నుంచి ఎగుమతి అవుతుంది. ఊసరవెల్లిని పట్టడానికి రాత్రే అనువైన సమయం. నిద్రకి అది కొమ్మ చివరికి చేరుతుంది, ఒళ్లు పాలిపోతుంది. టార్చి వేస్తే ముదురాకుల మధ్య తెల్లగా తేలిపోతుంది. అక్కడి నుంచి గుడ్డసంచి, ఊళ్లో పోగుచేసేవాడి గూడు, ఎగుమతిదారు షెడ్డు, విమానం, దిగుమతిదారు, హోల్‌సేలరు, చివరికి ఎక్స్‌పో బల్ల. ఇన్ని చేతులు మారడానికి వారాలు పడుతుంది.

ఊసరవెల్లి గిన్నెలో నిలవ ఉన్న నీళ్లని సాధారణంగా నీళ్లుగా గుర్తుపట్టదు. ఆకు మీద మెరుస్తూ జారే బొట్టుని చూసి నాలుకతో అందుకుంటుంది. పైన చెప్పిన దారిలో ఆకులూ లేవు, బొట్లూ లేవు. అందుకే అడవి జంతువుకి మొట్టమొదటి జబ్బు నట్టలు కాదు, దాహం. దాన్ని బల్ల దగ్గరే కనిపెట్టొచ్చు.

కంటి గుబ్బ చూడండి. ఆరోగ్యంగా ఉంటే అది ఉబ్బెత్తుగా, నిండుగా తిరుగుతూ ఉంటుంది. నీరు తగ్గితే గుబ్బ లోపలికి కుంగి చుట్టూ గుంట పడుతుంది. తర్వాత రెట్ట చూడండి. ఊసరవెల్లి రెట్టలో పక్షి రెట్టలాగే రెండు భాగాలుంటాయి: గోధుమ రంగు మలం, దాన్ని అంటుకుని తెల్లటి యూరేట్ (గట్టిపడిన మూత్ర వ్యర్థం) ముద్ద. ఆ ముద్ద మెత్తగా, తెల్లగా ఉంటే సరే. కాస్త పసుపు అంచు ఉన్నా ఫరవాలేదు. ముద్దంతా నారింజ రంగుకి తిరిగి, గోటితో నొక్కితే సుద్దలా పొడి రాలుతుంటే ఒంట్లో నీళ్లు బాగా తగ్గాయని అర్థం. నోరు తెరిచినప్పుడు పై దవడకీ కింది దవడకీ మధ్య చిక్కటి లాలాజలం తీగలా సాగినా అదే గుర్తు.

ఇందులో అసలు ప్రమాదం మూత్రపిండాలకి. వీటి ఒంట్లో వ్యర్థం యూరిక్ యాసిడ్‌గా బయటికి పోతుంది. దాన్ని తోసేయడానికి నీరు చాలకపోతే ఆ స్ఫటికాలు మూత్రపిండాల్లో, కీళ్లలో పేరుకుంటాయి. అదే గౌట్. ఆ దెబ్బ ఎక్స్‌పో నాడు కనిపించదు. నెలల తర్వాత వేళ్ల కీళ్లు వాచి, తిండి మానేసినప్పుడు బయటపడుతుంది. అప్పటికి కొన్నవాళ్లు అది తమ పెంపకంలో లోపమే అనుకుంటారు.

సూక్ష్మదర్శిని (పిట్స్‌బర్గ్)

నీటిచుక్క గారు దాహం గురించి బాగా చెప్పారు. నేను ఒంట్లో ఉండే పురుగుల (పరాన్నజీవుల) సంగతి చెబుతాను. ‘అడవి జంతువు కదా, దానికి పురుగులు మామూలే’ అని చాలామంది అనే మాట సగమే నిజం.

అడవిలో ఒక ఊసరవెల్లి ఒక చోట రెట్ట వేస్తే, మళ్లీ అదే ఆకు మీదికి రావడం అరుదు. గుడ్లు, లార్వాలు కింద నేలమీద చెదిరిపోతాయి. పురుగు ఉంటుంది, జంతువూ తట్టుకుంటుంది. అదే జంతువుని రెండడుగుల కేజ్‌లో పెడితే రెట్ట పడేది, నీళ్ల బొట్లు కారేది, పురుగు (మేత) పాకేది అన్నీ ఒకే చోట. ఆ మేత పురుగు రెట్ట మీద నడిచి వస్తుంది, ఊసరవెల్లి దాన్ని తింటుంది. పైగా బెదురుతో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. ఇలా పది పురుగులు వేలవుతాయి.

అయితే ఇది అన్ని రకాలకీ వర్తించదు. మధ్యలో మరో జీవి అవసరం లేకుండా నేరుగా తిరిగి అంటుకునేవి ఒక జట్టు: కాక్సీడియా అనే ఏకకణ జీవులు (ఐసోస్పోరా, కోలియోఐమీరియా), స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నటి గుండ్రటి పురుగు, పిన్‌వర్మ్‌లు, ఊపిరితిత్తుల్లో ఉండే రాబ్డియాస్. కేజ్‌లో పేలిపోయేవి ఇవే. రాబ్డియాస్ ఊపిరితిత్తుల్లో గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు గొంతులోకి వచ్చి మింగుడుపడి రెట్టలో తేలతాయి. అందుకే ఊపిరి జబ్బు పురుగు కూడా మల పరీక్షలో దొరుకుతుంది.

రెండో జట్టుకి మధ్యలో దోమో, చీమో, నత్తో కావాలి. బద్దె పురుగులు, ట్రెమటోడ్లు (ఆకులా చదునుగా ఉండే పురుగులు), ముళ్లతల పురుగులు, ఫైలేరియా జాతి ఫోలెయెల్లా ఈ జట్టువి. ఆ మధ్య జీవి లేకపోతే ఇవి కేజ్‌లో పెరగవు. అలాగని తగ్గవు కూడా. ఉన్నవి ఏళ్ల తరబడి లోపలే ఉంటాయి.

ఫోలెయెల్లా మామూలు కంటికే కనిపిస్తుంది. జంతువుని పక్కకి తిప్పి వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. డొక్క మీద, తొడ దగ్గర చర్మం కింద సన్నటి దారం మెలికలు పడినట్టు ఉబ్బు ఉంటుంది. కాసేపు చూస్తే అది మెల్లగా చోటు మారుతుంది. దాని పిల్ల పురుగులు రక్తంలో తిరుగుతాయి కాబట్టి మల పరీక్షలో ఏమీ కనిపించదు. రక్తం చుక్కని స్లైడ్ మీద చూడాలి. దోమలు కుట్టే ఊళ్లో ఆరుబయట కేజ్ పెడితే పక్క జంతువుకీ పాకుతుంది.

వర్షంచెట్టు (ఓర్లాండో)

ఇంత రాద్ధాంతం ఎందుకండి. పశువులకి వేసినట్టు తేగానే నట్టల మందు పడేస్తే సరిపోతుంది. ఫెన్‌బెండజోల్ అందరి దగ్గరా ఉండేదే. పరీక్షల ఖర్చు జంతువు ఖరీదు కంటే ఎక్కువ అవుతోంది.

సరీసృపవైద్యం (హ్యూస్టన్)

వర్షంచెట్టు గారూ, సదుద్దేశంతోనే చెప్పారు. కానీ అలా చేసే చాలామంది మొదటి వారంలోనే జంతువుని పోగొట్టుకుంటున్నారు. దానికి మూడు కారణాలున్నాయి.

ఒకటి, నీళ్లు లేని జంతువుకి ఏ మందైనా భారమే. చచ్చిన పురుగుల వ్యర్థాన్ని బయటికి పంపాల్సింది అదే మూత్రపిండాలు, అదే కాలేయం. పురుగుల బరువు ఎక్కువగా ఉన్న పేగులో ఒక్కసారిగా అన్నీ చస్తే పేగు మూసుకుపోవచ్చు, వాపు రావచ్చు. ఫోలెయెల్లా విషయంలో ఇంకా ప్రమాదం: లోపల చచ్చిన పురుగు రక్తనాళంలో అడ్డుపడితే ఆ భాగం కుళ్లుతుంది. అందుకే చర్మం కింద కనిపించే పెద్ద పురుగుని వెట్ (పశువైద్యుడు) మత్తిచ్చి, చిన్న గాటు పెట్టి ఫోర్సెప్స్‌తో మెల్లగా లాగి తీస్తారు. మందు తర్వాతి మాట.

రెండు, ఫెన్‌బెండజోల్ గుండ్రటి పురుగుల మందు. కాక్సీడియాకి అది పనిచేయదు. దానికి పొనాజురిల్, టోల్ట్రాజురిల్ లాంటివి కావాలి. ఫ్లాజెలేట్లకి (తోకలాంటి దారంతో ఈదే ఏకకణ జీవులకి) మెట్రోనిడజోల్. ఏముందో చూడకుండా ఇస్తే పనికొచ్చేదానికి బదులు పనికిరానిది పడుతుంది. ఐవర్‌మెక్టిన్ జోలికి అసలు సొంతంగా వెళ్లొద్దు. అది తాబేళ్లని చంపే మందు. ఊసరవెల్లికి కూడా వెట్ ఆచితూచి వాడాల్సిందే.

మూడు, కొలత. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. వెట్ 50 గ్రాముల జంతువుకి కిలోకి 25 మిల్లీగ్రాముల చొప్పున ఫెన్‌బెండజోల్ రాశారనుకోండి. మొత్తం 1.25 మిల్లీగ్రాములు. షాపులో దొరికే 10 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములుంటాయి. అంటే ఇవ్వాల్సింది 0.0125 మిల్లీలీటర్లు. అంత చిన్న కొలత ఏ సిరంజితోనూ సరిగ్గా రాదు. అందాజుగా ‘ఒక బొట్టు’ వేస్తే నాలుగైదు రెట్లు పడుతుంది. ఫెన్‌బెండజోల్ సరీసృపాల్లో మోతాదు మించితే ఎముక మజ్జ దెబ్బతిని తెల్లరక్తకణాలు పడిపోతాయి. సరైన పద్ధతి: సీసా బాగా కుదిపి 1 మిల్లీలీటరు మందు తీసి 9 మిల్లీలీటర్ల నీళ్లలో కలపాలి. ఇప్పుడు మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు. ఇవ్వాల్సింది 0.125 మిల్లీలీటర్లు, అంటే సూది తీసేసిన 100 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో పన్నెండున్నర యూనిట్లు. ఇది కరిగే మందు కాదు, అడుగుకి దిగిపోతుంది. తీసే ప్రతిసారీ మళ్లీ కుదపాలి. కలిపింది మర్నాటికి దాచొద్దు. ఎన్ని రోజులు, ఎన్నాళ్లకి మళ్లీ అన్నది పరీక్షలో వచ్చినదాన్ని బట్టి వెట్ చెబుతారు.

క్రమం ఇది: నీళ్లు, ప్రశాంతత, పరీక్ష, ఆ తర్వాతే మందు. ప్రాణం పోయేలా ఉంటే తప్ప ఈ వరస మార్చొద్దు.

వర్షంచెట్టు

కొలత లెక్క ఇంత తేడా వస్తుందని ఊహించలేదు. కుక్కపిల్లకి వేసే అలవాటుతో అన్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి నీళ్లు పట్టించడం ఎలా? సిరంజితో నోట్లో పోస్తే త్వరగా తేరుకోదా?

నీటిచుక్క

పోయొద్దండి. ఊసరవెల్లి శ్వాసనాళం మూత నోటి అడుగునే ఉంటుంది. నోరు బలవంతంగా తెరిచి పోస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ తర్వాత నిమోనియా. తాగించాలంటే పెదవి పక్కన ఒక్కో బొట్టు అంటించి, అది తనంతట తాను చప్పరిస్తే ఇంకోటి వేయాలి. చప్పరించకపోతే ఆపేయండి.

అన్నిటికంటే మంచిది షవర్ పద్ధతి. కుండీలో ఉన్న చెట్టు మీద జంతువుని కూర్చోబెట్టి బాత్‌టబ్‌లో పెట్టండి. షవర్‌ని ఎదురుగోడకి తిప్పండి, నీళ్లు గోడకి కొట్టి తుంపర్లుగా చెట్టు మీద పడాలి. నేరుగా జంతువు మీద ధార పడకూడదు. నీళ్లు ముట్టుకుంటే వెచ్చగానో చల్లగానో అనిపించకుండా ఉండాలి. 20 నుంచి 30 నిమిషాలు. మొదటి పది నిమిషాలు బిగుసుకుని కూర్చుంటుంది, కళ్లు మూసి తుడుచుకుంటుంది. తర్వాత గొంతు కదలడం మొదలవుతుంది. అది మొదలయ్యాక మధ్యలో ఆపొద్దు. కొన్ని జంతువులు వరసగా పావుగంట తాగుతాయి. తలుపు వేసేయండి, పక్కన నిలబడి చూడొద్దు. మనిషి కనిపిస్తే తాగదు.

దీనితో పాటు కేజ్‌లో రోజుకి మూడు నాలుగు సార్లు మిస్టింగ్ (నీటి తుంపర చల్లడం), పగలంతా డ్రిప్పర్ (బొట్లుగా నీళ్లు కార్చేది). డ్రిప్పర్ లేకపోతే ప్లాస్టిక్ కప్పు అడుగున సూదితో ఒక బెజ్జం పెట్టి కేజ్ పైన ఉంచితే చాలు, సెకనుకో రెండు సెకన్లకో ఒక బొట్టు పడేలా. కింద గిన్నె పెట్టి ఆ నీళ్లు రోజూ పారబోయండి. రెండు మూడు రోజులైనా కళ్లు లేవకపోతే వెట్ చర్మం కింద కిలోకి 15 నుంచి 25 మిల్లీలీటర్ల లెక్కన సెలైన్ ఎక్కిస్తారు. 50 గ్రాముల జంతువుకి అది ఒక మిల్లీలీటరు, అంతే.

ఆకుపచ్చకన్ను (లండన్)

కొనే ముందు బల్ల దగ్గర చూడాల్సినవి ఇంకొన్ని.

పగటిపూట కళ్లు మూసుకుని ఉందంటే చవగ్గా ఇచ్చినా వద్దు. ఊసరవెల్లి పగలు నిద్రపోదు. అడవి జంతువు జబ్బుని చివరిదాకా దాచుకుంటుంది, కళ్లు మూసిందంటే దాచే ఓపిక కూడా అయిపోయిందన్నమాట.

అమ్మేవాళ్లని అడిగి ఒక కర్ర మీద పాకించండి. నాలుగు కాళ్లూ పట్టు బిగించాలి. మోచేయి, మోకాలు వంకరపోయి ఉంటే ఎముకల జబ్బు. గోళ్లు ఊడిపోయి, పాదాల అడుగున పుండ్లు ఉంటే గుడ్డసంచిలో, కిక్కిరిసిన గూట్లో పడ్డ పాట్లు. తోక చివర నల్లగా ఎండిపోయి ఉంటే అది పైకి పాకుతోందా అని చూడాలి. పాకుతుంటే వెట్ కోసి తీసేయాలి.

నోటి అంచు వెంబడి చూడండి. పెదవి ఒకచోట ఉబ్బి, పసుపు రంగు పొరలా కనిపిస్తే నోటి పుండు. సరీసృపాల చీము మనుషుల చీములా కారదు, జున్నుముక్కలా గట్టిపడుతుంది. కాబట్టి యాంటిబయాటిక్ ఇస్తే కరిగిపోదు, గడ్డ కోసి తొలగించాలి. దవడ మూలన గడ్డ, పాదం మీద గడ్డ అన్నీ ఇదే తంతు. అడవి జంతువుకి పాత పంటిగాట్లు, గీరుళ్లు గడ్డలవడం చాలా మామూలు.

ముక్కు పైకెత్తి నోరు తెరిచి కూర్చుంటే రెండు కారణాలుండొచ్చు. ఎండ దీపం కింద వేడెక్కి అలా చేయొచ్చు, ఊపిరి జబ్బు అయినా కావచ్చు. దీపం ఆపాక పావుగంటలో నోరు మూస్తే వేడి. అప్పటికీ తెరిచే ఉంటే, లేదా ఊపిరి తీస్తుంటే ‘టిక్ టిక్’ మంటే, నోట్లో బుడగలుంటే నిమోనియా.

చంకల్లో, చర్మం మడతల్లో పిడుదులు వెతకండి. గింజలా అతుక్కుని ఉంటాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా లాగాలి. తీసినవి స్పిరిట్‌లో వేసి చంపాలి, ఇంట్లో వదలొద్దు. ఆఫ్రికా సరీసృపాల మీది పిడుదులు పశువుల జబ్బులు మోసుకొస్తాయన్న భయంతోనే అమెరికా 2000లో చిరుత తాబేలు సహా మూడు ఆఫ్రికా తాబేలు జాతుల దిగుమతి ఆపేసింది.

మడతరెక్క (టొరంటో)

వయసు గురించి ఎవరూ చెప్పలేదు. అడవిలో పట్టిన పెద్ద జంతువు వయసు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. వీటి ఆయుష్షు అసలే తక్కువ. మడగాస్కర్‌లోని లబోర్డ్ ఊసరవెల్లి గుడ్డులోంచి వచ్చాక బతికేది నాలుగైదు నెలలే, మిగతా ఏడాదంతా గుడ్డులోనే గడుపుతుంది. అలాంటిదాన్ని పెద్దగా ఉన్నప్పుడు పట్టి అమ్మితే ఎంత బాగా చూసుకున్నా వారాల్లో పోతుంది. సెనెగల్ రకం అంత తక్కువ కాదు, కానీ మీ చేతికొచ్చేది తన జీవితంలో ఏ దశలో ఉందో తెలియదు.

ఆడది అయితే ఇంకో చిక్కు. అడవి నుంచి వచ్చే పెద్ద ఆడవాటిల్లో చాలా వాటికి కడుపులో గుడ్లుంటాయి. మగదాని వీర్యాన్ని దాచుకునే శక్తి కూడా ఉంది కాబట్టి ఒక విడత పెట్టాక, మగదాన్ని చూడకుండానే మరో విడత పెట్టొచ్చు. ప్రయాణంలో నీళ్లు, తిండి, కాల్షియం లేక, గుడ్లు పెట్టే చోటు దొరకక అవి లోపలే ఆగిపోతాయి. డొక్కలు గుండ్రంగా గోలీలు నింపినట్టు కనిపిస్తూ, కిందికి దిగి నేల గోకుతూ తిరుగుతుంటే వెంటనే పెట్టె పెట్టాలి: కనీసం 30 సెంటీమీటర్ల లోతు, కడిగిన ఇసుక, మట్టి కలిపి, పిడికిలితో నొక్కితే ముద్దగా నిలిచేంత తడి. పొడిగా ఉంటే సొరంగం కూలిపోతుంది, అది తవ్వడం మానేస్తుంది. కేజ్ ముందు గుడ్డ కప్పండి. తవ్వేటప్పుడు మనిషి కళ్లబడితే సగంలో వదిలేసి, ఇక మళ్లీ మొదలుపెట్టకపోవచ్చు. తవ్వి తవ్వి గుడ్లు పెట్టకుండా నీరసపడి కళ్లు మూస్తే ఆ రోజే వెట్ దగ్గరికి.

కొమ్మచివర

చాలా ధన్యవాదాలు. ఇంత ఉందని తెలియదు. పాప సంగతి, ఆ డబ్బా మీది అక్షరాల సంగతి కూడా ఎవరైనా చెబుతారా? ‘ఫామ్ రైజ్డ్’, ‘క్యాప్టివ్ హ్యాచ్డ్’ అని కూడా కొన్నిటి మీద ఉన్నాయి.

సరీసృపవైద్యం

పాప సంగతి ముందు. సాల్మొనెల్లా అన్ని సరీసృపాల పేగుల్లోనూ ఉండొచ్చు, పెంపకంలో పుట్టిన వాటిలో కూడా. జంతువు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న జంతువు ఆ బ్యాక్టీరియాని ఎక్కువగా వదులుతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది సూటిగా ఉంది: ఐదేళ్ల లోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు సరీసృపాన్నీ, అది తిరిగే చోటునీ ముట్టుకోకూడదు. మూడేళ్ల పాప ఉన్న ఇంట్లోకి అడవి ఊసరవెల్లి వద్దనే నా సలహా. ‘పాప ముట్టుకోదు’ అంటే చాలదు. మీరు ముట్టుకున్న చేత్తో తలుపు పిడి, ఫ్రిజ్ పిడి పట్టుకుంటారు. మిస్టింగ్ తుంపర్లు నేల మీద పడతాయి, పాప అక్కడే పాకుతుంది.

పెద్దవాళ్లే ఉన్న ఇంట్లో అయితే: సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం, డ్రిప్పర్ గిన్నెలూ కుండీలూ వంటింటి సింకులో కడగకపోవడం, కేజ్ పనికి విడిగా బకెట్, స్పాంజి పెట్టుకోవడం, జంతువుని ముఖం దగ్గరికి తేకపోవడం. ఇవి ఒక్క రోజు కూడా తప్పకూడదు.

పేటికనంబరు (ఫ్రాంక్‌ఫర్ట్)

అక్షరాల గురించి నేను చెబుతాను. ఊసరవెల్లుల్లో దాదాపు అన్ని జాతులూ సైటీస్ ఒప్పందం (అడవి జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసేది) రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశం దాటాలంటే పర్మిట్ కావాలి, ఆ పర్మిట్ మీద జంతువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఒక అక్షరం ఉంటుంది. డబ్ల్యూ అంటే అడవిలో పట్టింది. ఆర్ అంటే గుడ్లో పిల్లలో అడవి నుంచి తెచ్చి పెంచింది. ఎఫ్ అంటే బోనులో పుట్టింది, కానీ తల్లిదండ్రులు అడవివి కావచ్చు. సీ అంటే పెంపకంలోనే తరం తర్వాత తరంగా పుట్టించింది. అమ్మేవాడు డబ్బా మీద ఏం రాసినా సరే, దిగుమతి అయిన జంతువైతే ఆ అక్షరం చూపించమని అడగండి. ‘ఫామ్ రైజ్డ్’, ‘క్యాప్టివ్ హ్యాచ్డ్’ అంటే చాలాసార్లు అడవి నుంచి తెచ్చిన కడుపుతో ఉన్న ఆడది ఎగుమతిదారు షెడ్డులో పెట్టిన గుడ్ల పిల్ల. దానికి పెద్ద జంతువులంత పురుగుల బరువు ఉండకపోవచ్చు. కానీ ఆ షెడ్డు నేలలోని కాక్సీడియా ఉంటుంది.

దేశాల విషయమూ చూసుకోండి. మడగాస్కర్ నుంచి కాలుమ్మా, ఫర్సిఫర్ అనే ఊసరవెల్లి ప్రజాతుల వ్యాపారాన్ని 1995లో నాలుగు రకాలకి తప్ప నిలిపేశారు. ఆ నాలుగిటిలో పాంథర్ ఒకటి. ఆ తర్వాత ఇంకొన్నిటికి సడలింపు ఇచ్చారు. టాంజానియా 2016లో బతికున్న అడవి జంతువుల ఎగుమతి ఆపింది. అలాంటి చోటు నుంచి ‘తాజా సరుకు’ అంటే అనుమానించాలి. అమెరికాలో మరో మెలిక ఉంది: హవాయిలో 1972లో చేరి అడవిపాలైన జాక్సన్ ఊసరవెల్లులు, ఫ్లోరిడాలో చెట్ల మీద స్థిరపడిన వెయిల్డ్ ఊసరవెల్లులు. ‘అమెరికాలోదే, దిగుమతి కాదు’ అని అమ్ముతారు. అవీ అడవిలో పట్టినవే, పురుగులూ వాటికుంటాయి.

గుట్టమీదివేప (హైదరాబాద్)

ఇక్కడి నుంచి చదివేవాళ్ల కోసం ఒక మాట. మన తూర్పు కనుమల్లో, తుప్పల్లో, చేలగట్ల మీద కనిపించే ఊసరవెల్లి మన దేశపు జాతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, పెంచడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. ‘అడవిలో దొరికింది, ఇంట్లో పెంచుకుంటున్నాం’ అన్నా నేరమే. విదేశీ రకాలైతే, 2022 చట్ట సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, సైటీస్ జాబితాలోని జంతువు దగ్గరుంటే రిపోర్టు చేసి రిజిస్టర్ చేయించాలి. 2024లో నియమాలు వచ్చాయి, దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో. కాగితం లేని జంతువు అంటే దొంగచాటుగా వచ్చింది. దొంగచాటుగా వచ్చిందంటే సాక్సులో, ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు లేకుండా వచ్చింది. చట్టం సంగతి ఒక ఎత్తు, పైన నీటిచుక్క గారు చెప్పిన జబ్బంతా దానికి రెట్టింపు ఉంటుంది.

ఇంకో సంగతి. ఊసరవెల్లికి విషం ఉండదు. కనిపిస్తే రాళ్లేసి చంపే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. రోడ్డు దాటుతూ కనిపిస్తే ఒక పుల్ల అందిస్తే దాన్ని పట్టుకుంటుంది, అవతలి తుప్ప మీద దించితే చాలు. గాయపడితే అటవీశాఖకి చెప్పండి, ఇంటికి తేవద్దు.

ఆకుపచ్చకన్ను

గుట్టమీదివేప గారు చెప్పిన పుల్ల పద్ధతి కేజ్‌లో ఉన్నవాటికీ మంచిదే. పైనుంచి చెయ్యి వస్తే దానికి గద్ద వచ్చినట్టే.

కొమ్మచివర

పాప ఉంది కాబట్టి మేము కొనట్లేదు. కానీ ఒక స్నేహితుడు ఇప్పటికే తెచ్చేశాడు. మొదటి నెల ఏం చేయాలో చెబితే అతనికి పంపుతాను.

సూక్ష్మదర్శిని

చెప్పండి అతనికి:

కనీసం 90 రోజులు విడి గది. ఇంట్లో వేరే సరీసృపాలుంటే వాటి పని ముందు, దీని పని చివర. అన్నివైపులా గాలాడే మెష్ కేజ్, అడుగున మట్టి, కొబ్బరిపొట్టు లాంటివేవీ వద్దు, పేపర్ టవల్ ఒక్కటే, రోజూ మార్చాలి. ఒక మనీ ప్లాంట్ కుండీ, దాని మట్టి మీద మింగలేనంత పెద్ద గులకరాళ్లు. కేజ్‌కి మూడు వైపులా గుడ్డ కప్పాలి. అద్దం, మరో ఊసరవెల్లి కంటపడకూడదు. ఎండ దీపం కింద 29, 30 డిగ్రీల సెల్సియస్, రాత్రి దీపాలన్నీ ఆర్పేయాలి. యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే) ట్యూబు తప్పనిసరి. కొండప్రాంతపు జాక్సన్ లాంటిదైతే ఈ వేడి ఎక్కువ, ఇంకా చల్లగా ఉంచాలి.

మొదటి మూడు రోజులు నీళ్లు తప్ప ఇంకేదీ ముఖ్యం కాదు. చేతిలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత చిన్న పురుగులు, రెండు మూడు. బక్కచిక్కిన జంతువుకి ఒకేసారి కడుపునిండా పెడితే ఒంట్లోని లవణాలు తారుమారై చచ్చిపోవచ్చు. చాలా అడవి జంతువులకి ఇళ్లలో పెంచే కీచురాయి తిండిలా కనిపించదు. ఎగిరే ఈగలు, చిమ్మెటలు, మిడతలు చూస్తే నాలుక వేస్తాయి. మందు కొట్టిన చోటు పురుగులు మాత్రం తేవద్దు. మిగిలిన పురుగుల్ని రాత్రికి తీసేయాలి, లేకపోతే నిద్రపోతున్న జంతువుని కొరుకుతాయి.

ఒక గ్రాము తేడా చూపించే వంటింటి తూకం మీద పుల్ల ఉంచి సున్నా చేసి, వారానికి రెండుసార్లు బరువు రాయాలి. పదో వంతు తగ్గితే ఆగకుండా వెట్. సరీసృపాల వెట్ కోసం ఏఆర్‌ఏవీ అనే సరీసృప, ఉభయచర వైద్యుల సంఘం జాబితాలో వెతకొచ్చు.

మల పరీక్షకి తాజా రెట్ట, కొన్ని గంటల్లోపుది. ఎండిపోకుండా జిప్ కవర్లో ఒక బొట్టు నీళ్లతో వేసి ఫ్రిజ్ కింది అరలో, ఫ్రీజర్‌లో కాదు. తేల్చే పరీక్ష (చిక్కటి ద్రావణంలో పురుగు గుడ్లని పైకి తేల్చి చూసేది), నేరుగా స్లైడ్ పరీక్ష రెండూ చేయమని అడగాలి. ఫ్లాజెలేట్లు తేల్చే పరీక్షలో చచ్చి కనిపించకుండా పోతాయి. ఒక్కసారి ఏమీ లేదంటే ఏమీ లేదని కాదు. పురుగు గుడ్లు రోజూ పడవు. రెండు వారాల ఎడంతో మూడుసార్లు చేయించాలి. ఒక్కోసారి కీచురాయి పొట్టలోని పురుగు గుడ్లు దీని రెట్టలో తేలి గందరగోళం చేస్తాయి. ఆ తేడా తెలిసినవాళ్లకే చూపించాలి.

కాక్సీడియా వస్తే బ్లీచ్‌తో కడిగి నిశ్చింతగా ఉండొద్దు. వాటి గుడ్లు బ్లీచ్‌కి చావవు. ఆవిరి యంత్రం పనిచేస్తుంది, లేదా జంతువుని వేరే గదిలో పెట్టి అమ్మోనియా. బ్లీచ్, అమ్మోనియా ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. మందు వాడినన్నాళ్లూ రెట్ట పడిన గంటలోపే తీసేస్తే సగం గెలిచినట్టే, ఎందుకంటే ఆ గుడ్డు బయట కొంతసేపు పండితేగాని మళ్లీ అంటుకోదు.

సరీసృపవైద్యం

ఒక్కటి కలుపుతాను. వెట్ అమికాసిన్ లాంటి సూది మందు రాస్తే ‘ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాయా’ అని మీరే అడగండి. ఆ రకం యాంటిబయాటిక్‌లు మూత్రపిండాల మీద పడతాయి. నీళ్లెక్కించకుండా ఇస్తే నిమోనియా తగ్గి గౌట్ వస్తుంది.

ఇన్ని చేసినా అడవి జంతువు పోవచ్చు. పోతే పూడ్చేయకండి, ముఖ్యంగా ఇంట్లో ఇంకో సరీసృపం ఉంటే. తడి పేపర్ టవల్‌లో చుట్టి, రెండు కవర్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలి మైక్రోస్కోపు కింద ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల్లో వెట్ ద్వారా పోస్ట్‌మార్టంకి పంపాలి. మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు, పేగు నాలుగూ చూడమని కాగితం మీద రాయండి. ఆ రిపోర్టు వచ్చేదాకా ఆ గదిలోంచి కుండీ గానీ, కొమ్మ గానీ, డ్రిప్పర్ గానీ పక్క కేజ్‌లోకి మార్చొద్దు.